దీపం పెట్టిన గోడ

మా ఆయన పదకొండు నెలల పాటు నేల మీద కాలు పెట్టలేదు. హిందూపురంలో మా ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉండేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాక, ఆసుపత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన రోజే ఆయన ఆఖరుసారి మెట్ల మీదుగా వచ్చాడు. అదీ నలుగురి చేతుల్లో. ఆ తర్వాత ఆయనకు లోకమంటే బాల్కనీ. ఇనుప కమ్మీల సందులోంచి కిందికి చూస్తూ కూర్చునేవాడు. మూతి కొంచెం వంకరపోయింది గానీ మాట పోలేదు. కూరగాయల బండి వస్తే "వంకాయలొచ్చినాయి, పో" అనేవాడు. నేను పోయి తెచ్చి సంచి కింద పెడితే వంకాయలు చూసేవాడు కాదు. నా చెప్పులకు అంటిన మట్టిని చూసేవాడు.

ఆయన్ను కిందికి దించాలి. ఆ ఏడాదంతా నా తలలో ఉన్నది అదొక్కటే. ఫ్లాటు అమ్మేసి ధర్మవరంలో మా చెల్లెలి వీధిలో అమ్మకానికొచ్చిన చిన్న ఇల్లు కొనాలనుకున్నాం. రెండు గదులు, వెనక కొళాయి, ముందు అరుగు. గడప దాటితే నేల. ఆ ఇంటివాళ్లు మాకోసం కొన్నాళ్లు ఆగుతామన్నారు. ఇంత చిన్న పనికి నన్ను ఎన్ని గడపలు ఎక్కించారో, ఎన్ని మాటలు అన్నారో రాయాలని కూర్చుంటే, ఇప్పటికీ కోపానికి పెన్ను కాగితంలోకి దిగబడిపోతుంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు నా చేతికి పలక ఇవ్వలేదు, పట్టునూలు కండెలు ఇచ్చారు. పెళ్లయ్యాక మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు కాబట్టి హిందూపురం వచ్చాం. ఆయన రిటైరయ్యే ముందు డిపోలో పాత ఊరి బోర్డులు తీసేసి కొత్తవి పెడుతుంటే, పారేసినవాటిలో మూడు ఇంటికి తెచ్చాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. వాటిని వంటింటి గోడకు ఆనించి, "ఈ మూడూళ్లూ నీకు తెలిసినవే గదా, ఇంగ చదువు" అన్నాడు. పెనుకొండ తొందరగా వచ్చింది. నేను పుట్టిన ఊరు మాత్రం చాలా రోజులు ఏడిపించింది, ఆ 'ధ' కింద ఒత్తు, 'ర్మ' వల్ల. ఆ బోర్డుల తర్వాత రేషను కార్డు, గ్యాసు రసీదు, మందుల చీటీలు. మా అపార్టుమెంటులో నేను ఎక్కువసార్లు చదివిన వాక్యం "లిఫ్టు పనిచేయదు". అది రాసి తగిలించిన అట్ట పాతబడితే కొత్త అట్ట తగిలించేవారు గానీ లిఫ్టు బాగు చేయించేవారు కాదు. కింది అంతస్తులవాళ్లకు లిఫ్టుతో పని లేదు, పైవాళ్లం ముగ్గురమే.

ఆయనకు జబ్బు చేసింది పొద్దున పళ్లు తోముకుంటున్నప్పుడు. చెంబు జారిపడింది, తర్వాత మనిషి. అంబులెన్సు తొందరగానే వచ్చింది. స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు పైకి పరిగెత్తుకొచ్చారు. మా మెట్లు ఇరుకు. మలుపు మలుపుకీ సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, ఖాళీ సిలిండర్లు, ఎవరిదో తుప్పు పట్టిన కుట్టుమిషను. స్ట్రెచర్ మొదటి మలుపే తిరగలేదు. నిలబెట్టి చూశారు, వాల్చి చూశారు. చివరికి నా మంచం మీది దుప్పటి లాగి, దాంట్లో ఆయన్ను పడుకోబెట్టి నాలుగు చెంగులు నలుగురు పట్టుకున్నారు. "తల పైకి, తల పైకి" అని ఒకరు, "ఆ సైకిలు తియ్యండప్పా" అని ఒకరు. మూడో అంతస్తు దగ్గర ఒకాయన చెయ్యి జారింది. రెండుచోట్ల ఆయన్ను చల్లటి బండల మీద దించి ఊపిరి పీల్చుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, "ఇంకొంచెం ముందు తెచ్చింటే చెయ్యన్నా దక్కేదమ్మా" అన్నాడు. అప్పుడు నాకు కోప్పడటానికి మనిషి కనిపించలేదు. మన రాత అనుకున్నాను.

ఫ్లాటు కొంటామని వచ్చింది ఆ ఆసుపత్రిలోనే పనిచేసే నర్సమ్మ. ఆమె భర్తకు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. చిన్న వయసు, నాలుగంతస్తులు ఎక్కడం వాళ్లకు లెక్కలేదు. బేరం కుదిరింది. భర్త జీతం పడే బ్యాంకు పెనుకొండలో ఉంది కాబట్టి లోను అక్కడే అడిగారు. ఒకరోజు నన్ను కూడా రమ్మన్నారు. బస్సులో నేనూ నర్సమ్మా పోయాం.

బ్యాంకు ఆఫీసరు కాగితాలన్నీ తిప్పి చూసి, "బిల్డింగుకు ఫైర్ సర్టిఫికెట్ యాడమ్మా?" అన్నాడు.

"అదేంది సార్? మేం కొన్నప్పుడు ఎవురూ అడగలేదే."

"మీరు చేతి దుడ్లతో కొనింటారు. అడిగేవాళ్లు లేరు. అప్పిచ్చేవాళ్లం మేం అడగల్ల గదా? మొత్తం కాలిపోతే పోయేది మా దుడ్లు."

నర్సమ్మకు నవ్వొచ్చింది. "మరి లోపలుండే మనుషులు సార్?"

"దానికి వేరే పాలసీ ఉండాది మేడమ్" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

ఒక చీటీ నా చేతికిచ్చాడు. దాని మీద 'అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రము' అని అచ్చు వేసి ఉంది. 'నిరభ్యంతర' దగ్గర నేను రెండుసార్లు తడబడ్డాను. ఆయన గడియారం చూసుకున్నాడు. నేను పూర్తిగా చదివేదాకా లేవలేదు.

మా అపార్టుమెంటు అసోసియేషన్ ప్రెసిడెంటుది రెండో అంతస్తు. బజారులో పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు హోల్‌సేలుగా అమ్మే దుకాణం ఆయనది. కట్టినప్పటి నుంచీ ఆయనే ప్రెసిడెంటు. పోయి అడిగితే, సర్టిఫికెట్ కట్టినప్పుడు తెచ్చారనీ, గడువు తీరిపోయిందనీ చెప్పాడు.

"మళ్లీ తెప్పిద్దాం అన్నా."

"తెప్పీడం అంటే వాళ్లు వస్తారమ్మా. ఏందేందో అడుగుతారు. నువ్వు అమ్ముకొని పోతాండావు, ఈడ ఉండేది మేము గదా? ఇంతమందిమి పిల్లాజెల్లా పండుకుంటాండాం, మాకు లేని భయం ఆ బ్యాంకోనికి ఏంది? చేతి దుడ్లు ఇచ్చేవాణ్ణి చూసుకో, పని అయిపోతాది."

నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి తలుపు తీసి, చెయ్యి అడ్డంగా ఊపి మళ్లీ వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం తెల్లకాగితం మీద నేనే అర్జీ రాశాను. నా జన్మలో అది మొదటి అర్జీ. మూడు కాగితాలు చింపాను, నాలుగోది కుదిరింది. తీసుకుపోయి ఫైర్ స్టేషనులో ఇచ్చాను.

మూడో రోజుకు ఫైర్ ఆఫీసరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, గాండ్లపెంట దిక్కువాడని మాటలోనే తెలిసింది. చేతిలో బిల్డింగు ప్లాను మడత ఉంది. ప్రెసిడెంటు కూడా వెంట వచ్చాడు. మెట్ల మీది సైకిళ్లు, సిలిండర్లు చూసి రాసుకుంటూ, ఆయాసపడుతూ మా అంతస్తుకు వచ్చి, "రెండో మెట్లు యాడుండాయి?" అని అడిగాడు.

"ఉండేది ఇవే సార్" అన్నాను.

"కాదమ్మా, ప్లానులో ఉండాయి. ఈశాన్యం మూల." అంటూ వరండా చివరికి నడిచాడు.

వరండా చివర పసుపు రంగు గోడ ఉంది. గోడకు లక్ష్మీదేవి బొమ్మ ఉన్న టైలు. టైలు కింద చిన్న బండ. ఆ బండ మీద నా ప్రమిద. పైన గోడంతా మసి చార. మేము చేరిన కొత్తలో అక్కడొక ఇనుప తలుపు ఉండేది, ఎప్పుడూ తాళం వేసి. మీటర్ల గది అనుకునేదాన్ని. తర్వాత ఒకరోజు గోడ లేచింది, ఆ తర్వాతి వారం ప్రతి అంతస్తులో ఆ గోడకు ఒక దేవుడి టైలు అంటించారు. ఒకరికి వినాయకుడు, ఒకరికి వెంకటేశ్వరుడు. మాకు లక్ష్మి వచ్చిందని నేను మురిసిపోయాను. అప్పటి నుంచీ ప్రతి శుక్రవారం గోడ తుడిచి, బొట్టు పెట్టి, దీపం పెట్టాను. ఆయనకు జబ్బు చేశాక ప్రతిరోజూ పెట్టాను.

ఆఫీసరు గోడ మీద వేలి కణుపులతో తట్టాడు. డొల్లగా మోగింది.

"ఈ దీపం ఎవురు పెడతాండేది?"

"నేనే సార్."

"ఇది వాకిలమ్మా. మంట లేస్తే మీరు బయటపడల్సిన వాకిలి. దానికి అడ్డం గోడ కట్టి, మళ్లా దానికే దీపం పెడతాండారే!"

"ఆ మెట్లు పెద్దవా సార్?" అన్నాను.

"ముందరి మెట్లకు రెండింతలు. స్ట్రెచర్ పట్టుకొని పరిగెత్తొచ్చు."

మా వాకిలి తెరిచే ఉంది. లోపల కుర్చీలో మా ఆయన కూర్చుని వింటున్నాడు. ఆఫీసరు ఆయన్ను చూసి, "ఈయప్పకు జబ్బు చేసిన పొద్దు ఎట్ల దింపినారు?" అన్నాడు.

"దుప్పట్లో."

ఆయన అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు. ఎవరి మీద కోపం రావాలో నాకు అప్పుడు తెలిసింది. పదకొండు నెలలుగా రాత మీద పెట్టిన నేరమంతా ఆ గోడ మీదికి వచ్చి నిలబడింది. వాకిలికి పది అడుగుల దూరంలో ఆ మెట్లున్నాయి. నేను వాటికి అడ్డంగా నిలబడి ఆయన చెయ్యి బాగవ్వాలని మొక్కుకున్నాను.

ప్రెసిడెంటు మాత్రం జంకలేదు. ఇంట్లోకి పోయి తీర్మానాల పుస్తకం తెచ్చాడు. "మేం మా ఇష్టానికి మూసినామా సార్? వాస్తు దోషం ఉండాదని సిద్ధాంతి చెప్పినాడు. అందరూ ఒప్పుకొని సంతకాలు పెట్టుండారు. ఈయమ్మ గూడా నిశానీ ఏసుండాది, చూడండి."

మా దిక్కున వేలిముద్రను నిశానీ అంటారు. వేలిముద్ర వేసే మనిషిని కూడా నిశానీ అనే అంటారు. ఆయన ఆ మాట రెండు అర్థాల్లోనూ అన్నాడు. నేను పుస్తకం ఆయన చేతిలోంచి లాక్కున్నాను. నేను చదవగలనన్న సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఆఫీసరు ముందర, గట్టిగా, వేలు పెట్టి చదివాను. 'ఈశాన్య దిక్కునగల మెట్ల దారి వాస్తు దోషము కలిగియున్నందున సదరు దారిని మూసివేయుటకు ఫ్లాటుదారులందరూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' కింద వరసగా సంతకాలు. మధ్యలో ఊదారంగు మచ్చ. నా బొటనవేలే. గీతలు కూడా తేటగా ఉన్నాయి.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ప్రెసిడెంటు పుస్తకంతో, ఇంకు డబ్బాతో వచ్చి, "వినాయక చవితి పందిరికి అందరూ ఒప్పుకుంటాండారు, ఈడ ఏలు పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. వేలు తుడుచుకోవడానికి ఆయనే జేబులోంచి కాగితం ముక్క కూడా ఇచ్చాడు.

"చవితి పందిరికని చెప్తివి గదన్నా?"

"ఏమోమ్మా, ఎన్నేండ్లాయ. ఎవురికి గుర్తుంటాది" అన్నాడు.

ఆ పుస్తకంలో నాకు అర్థం కాని మాట ఒకటే, ఏకగ్రీవం. లోపలికి వచ్చి మా ఆయన్ను అడిగాను. ఆయన పదో తరగతి దాకా చదివాడు. బాగున్న ఎడమచేత్తో తన మెడ పట్టుకుని చూపించాడు. "గ్రీవం అంటే మెడ. అందరికీ ఒకటే మెడ అని."

పందొమ్మిది ఇళ్లవాళ్లం. మా అందరికీ కలిపి ఒకే మెడ, అది ప్రెసిడెంటు గుప్పిట్లో. ఆ రోజంతా నాకు ఆ మాటే వినిపించింది. అన్నం ఉడుకుతున్నా, ఆయనకు మాత్ర మింగిస్తున్నా, ఏకగ్రీవం, ఏకగ్రీవం అని. నా మెడ నేను ఎప్పుడు ఇచ్చాను వీళ్లకు?

వెనక మెట్లు తెరవాలి, ముందు మెట్లు ఖాళీ చెయ్యాలి, నీళ్ల పంపు బాగు చేయించాలి, అప్పుడే సర్టిఫికెట్ అని ఆఫీసరు కాగితం పంపాడు. దాని మీద ఆదివారం కింద పార్కింగులో మీటింగు పెట్టారు. నేను ముందు వరసలో కూర్చున్నాను.

"ఈశాన్యం మెట్లు తెరిస్తే ఇండ్లలో ఆడోళ్లకు ఆరోగ్యం చెడుతాదంట" అన్నాడు ప్రెసిడెంటు.

మొదటి అంతస్తులో మిరపకాయల వ్యాపారి భార్య ఉంది, గట్టి నోరు. "మూసినంకనే గదన్నా నాకు రెండు ఆపరేషన్లు అయ్యిండేది?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

ఇప్పుడు ఆషాఢం, దేవుణ్ణి కదిలించరాదన్నారు. వచ్చే శ్రావణంలో అసలే కదిలించరాదన్నారు. భాద్రపదంలో చవితి అయ్యేదాకా ఆగాలన్నారు. చవితి తర్వాత మహాలయ పక్షాలు, అప్పుడు గోడ పగలగొడితే పెద్దలకు కోపమట. ఏడాదిలో మంటలు లేవడానికి మంచి నెల ఏదో అడగాలనిపించింది. అడిగాను కూడా.

వెనక నుంచి ఎవరో అన్నారు, "నాలుగు అక్షరాలొచ్చినంక ఈయమ్మకు చట్టాలు గూడా వస్తాండాయి."

"అక్షరాలు రానప్పుడు నా ఏలుతో గోడ కట్టిస్తిరి. ఇప్పుడు వచ్చినాయి. పగలగొట్టిస్తా, కాచుకోండి."

ప్రెసిడెంటు మెల్లగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. "నీ మొగుని కోసం మేమందరం వాస్తు చెడగొట్టుకోవల్లనా తల్లీ?"

నేను లేచి నిలబడ్డాను. "రేపు నీకే వస్తాదనుకో అన్నా. నీది రెండో అంతస్తు. నీ ఒళ్లు మా ఆయనకు రెండింతలు. ఇంట్లో దుప్పటి ఉండాదా? గట్టిది చూసి కొనుక్కో. మాది చెంగు చినిగింది."

అయినా పుస్తకంలో 'మహాలయ పక్షములు ముగిసిన పిదప ఆలోచించుటకు' అని రాసుకున్నారు. సంతకం పెట్టమని నా ముందుకు తోశారు. పెట్టలేదు. ఈసారి ఏకగ్రీవం అని రాయడానికి కుదరలేదు వాళ్లకు.

రెండు రోజులకు మా చెల్లెలు ధర్మవరం నుంచి ఫోను చేసింది. "అక్కా, ఈ ఇంటోళ్లు నెలాఖరుకంతా తేల్చమంటాండారు. ఇంగొకరెవరో అడుగుతాండారంట." నర్సమ్మ కూడా వచ్చి, ఇంకో చోట ఫ్లాటు చూశాం, నెల చివరిదాకా మీకోసం ఆగుతామని చెప్పిపోయింది. ఇంట్లో మా ఆయన ఇదంతా వింటూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి బాల్కనీలో కూడా కూర్చోనన్నాడు. కుర్చీ గోడ వైపు తిప్పించుకున్నాడు.

నేను మేస్త్రీని పిలిచాను. తెలిసిన మనిషే, మా వంటింటి గట్టు వేసినవాడు, ఆదివారం చర్చికి పోయేవాడు. సుత్తి, గడ్డపార తెచ్చి గోడ ముందు నిలబడి, టైలు చూసి వెనక్కి తగ్గాడు.

"నావల్ల కాదు పెద్దమ్మా."

"నువ్వు మొక్కే దేవుడు కూడా కాదు గదప్పా?"

"అందుకే గదా మరీ వద్దనేది! మీరు కొడితే కోపంలో కొట్టిందంటారు. నేను కొడితే ఊరంతా చెప్పుకుంటారు. రేపు నాకు ఈ ఊళ్లో పని దొరకల్ల గదా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఉలి తీసుకుని టైలు అంచుల చుట్టూ నేనే గీకాను. విరగకూడదని చాలాసేపు పట్టింది. 'నిన్ను కూడా కాపలా పెట్టినారు కదే తల్లీ, నిన్ను అడిగినారా, నన్ను అడిగినట్టే అడిగినారా' అని లోపల తిట్టుకుంటూ గీకాను. ఊడి చేతిలోకి వచ్చింది. వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చి, "ఇప్పుడు కొట్టప్పా, వట్టి గోడే" అన్నాను.

కొట్టాడు. పెద్ద గోడ కూడా కాదది, ఒంటి ఇటుక. ఇనుప తలుపు ముందే పీకేసినట్టున్నారు, నాలుగో దెబ్బకు అవతలి వెలుతురు కనిపించింది. మనిషి పట్టేంత సందు కాగానే నేను దూరాను. వెడల్పాటి మెట్లు, దుమ్ము, కిటికీల నుంచి ఎండ. మూడో అంతస్తు దాకా దిగాను. అక్కడి నుంచి కిందికి దారి లేదు. అట్టపెట్టెలు. పైకప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు. పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, థర్మోకోలు గిన్నెలు. ప్రతి పెట్టె మీద ప్రెసిడెంటు దుకాణం పేరు పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. కింద పార్కింగులో ఆయన తాళం వేసి ఉంచే తలుపు ఒకటుంది, చవితి సామాను గది అని చెప్పేవాడు. అది ఈ మెట్ల తలుపు.

వాస్తు దోషమంటే ఇదన్నమాట. మా ఈశాన్యం మూలను దేవుళ్ల చేత మూయించి గోడౌను చేసుకున్నాడు. అగ్గిపుల్ల పడితే గుప్పున అంటుకునే సరుకు. దానికి అవతల వైపు, గోడకు ఆనించి, రోజూ నేను దీపం పెట్టాను.

గోడ పడిన చప్పుడుకు ప్రెసిడెంటు అరుస్తూ పైకి వచ్చాడు. "ఎవురబ్బా అది, దేవుణ్ణి పగలగొడతాండేది!"

"దేవుడు మా వంటింట్లో భద్రంగా ఉండాడు" అన్నాను పెట్టెల మధ్య నుంచి. "ఈడుండేది నీ ప్లేట్లు. రా, చూద్దువు రా."

ఆయన వెనకే అన్ని అంతస్తుల నుంచీ జనం వచ్చారు. ఒక్కొక్కరే సందులో తల పెట్టి చూశారు. మిరపకాయల వ్యాపారి భార్య చీర కుచ్చిళ్లు దోపుకుని లోపలికి దిగి, ఒక పెట్టె చించి, థర్మోకోలు గిన్నె తీసి పైకెత్తి చూపింది. "వీటికి అంటుకుంటే మంట దాకా యాడికి, పొగకే సస్తాం గదే!" అంది. ఆ గిన్నెను ఆయన కాళ్ల దగ్గరికి విసిరింది. తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. కింది తలుపు తాళం ఆయన చేతే తీయించారు. ఆడవాళ్లు మెట్ల మీద వరసగా నిలబడి, పెట్టెలు చేతులు మార్చుకుంటూ బయటికి పంపారు. అప్పుడే చిన్న జల్లు మొదలైంది. ఆయన కింద నిలబడి, "తడిసిపోతాయమ్మా, మెల్లిగా, మెల్లిగా" అంటున్నాడు. మా ఆయన్ను దుప్పట్లో మోస్తున్నప్పుడు ఇదే మనిషి తన వాకిట్లో సైకిలు తీయడానికి బనియను వేసుకుని వచ్చేదాకా ఆగమన్నాడు.

సర్టిఫికెట్ రావడానికి ఆ తర్వాత నెలన్నర పట్టింది. పంపు బాగు చేయించారు, ముందు మెట్లు ఖాళీ చేశారు, ఆఫీసరు మళ్లీ వచ్చి చూసి రాసిచ్చాడు. నెలాఖరు దాటినా నర్సమ్మ మాట తప్పలేదు, ఫ్లాటు ఆమే కొనుక్కుంది. ధర్మవరం ఇంటివాళ్లు మాత్రం ఆగలేదు. అదే వీధిలో ఇంకొకటి దొరికింది, కొంచెం చిన్నది. ప్రెసిడెంటు ఇంకా ప్రెసిడెంటే. నాకు చదువొచ్చి చెడిపోయానని అక్కడ చెప్పుకుంటారట. చెప్పుకోనీ.

గోడ పడిన రోజు మాత్రం నేను కాగితం కోసం ఆగలేదు. మెట్లు ఖాళీ అవగానే పైకి పోయి, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో మా ఆయన్ను కూర్చోబెట్టి నడుముకు తువ్వాలు కట్టాను. మేస్త్రీ, ఇంకో ముగ్గురు మగవాళ్లు కుర్చీ పట్టుకున్నారు. ఎక్కడా గోడ తగల్లేదు. ఎక్కడా దించలేదు. మలుపుల దగ్గర కుర్చీ చక్కగా తిరిగింది. నేను పక్కనే, వాళ్లతో సమానంగా దిగాను, అంత వెడల్పు. లోపల లెక్కపెట్టుకుంటున్నాను. నూరు చేరకముందే కింద ఉన్నాం. నూరు కూడా పట్టలేదు. అందరూ నవ్వుతున్నారు, బాగా దిగాడని మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది. నూరు లెక్కపెట్టేంతలో దిగే మనిషిని ఆ పొద్దు ఎంతసేపు బండల మీద పెట్టాం మేము!

గేటు దగ్గర కుర్చీ దించారు. ఆయన ఎడమకాలు తనంతట తానే కింద పెట్టాడు. కుడికాలు నేను వంగి పట్టుకుని పెట్టాను. జల్లు పడుతూనే ఉంది. ఎదురుగా టీ కొట్టాయన పలకరించాడు, "ఏమన్నా, బాగుండావా?" అని. మా ఆయన తల ఊపాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తడుస్తున్నాడని, మాత్రల వేళ అయిందని, మోసేవాళ్లకు కూడా పనులుంటాయని నేను తొందరపడ్డాను.

"చాల్లే, పైకి పోదాం పా. రేపు మళ్లా దింపిస్తా."

ఆయన ఎడమచేత్తో గేటు కమ్మీ పట్టుకున్నాడు.

"నువ్వు బో" అన్నాడు. "నేను ఎక్కను."

"సర్టిఫికెట్ రాలేదు, ఇల్లు అమ్మలేదు, యాడుందాం?"

"యాడన్నా. కింద."

మేస్త్రీ కుర్చీ మీద చెయ్యి వేస్తే, ఆయన కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. నేను మా చెల్లెలికి ఫోను చేసి ముందరి గది ఖాళీ చేయమన్నాను. వెనక మెట్ల మీదే పైకి పోయి, మందులు, నాలుగు బట్టలు సంచిలో వేసుకుని, తాళం పెట్టి దిగాను. టీ కొట్టాయన ఆటో పిలిచి ఉంచాడు. ధర్మవరం దాకా ఎంత అని నేను అడుగుతుంటే, అప్పటికే మా ఆయన ఆటో లోపల కూర్చుని, "ఎంతో ఒకంత, ఎక్కు ముందు" అని కేకేశాడు.